ఉగాదినాటి ఆముదం

ఆదిలక్ష్మమ్మ మగ్గం గుంతలోంచి లేవలేదు.

నిన్న సాయంత్రం ఉమాశంకర్ కారు వీధి మలుపు తిరిగాక గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి, రాత్రి కాసేపు చాప మీద ఒరిగి, తెల్లవారగానే మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది. పోగు తోసే నాడె ముట్టుకోలేదు. సగం నేసిన చీర అలాగే ఉంది. ఒళ్ళో ఉమాశంకర్ ఇచ్చిపోయిన జిరాక్సు కాగితం. అది ఇంగ్లీషులో ఉంది.

చిన్నకోడలు భాగ్యశ్రీ ఉగ్గాని గిన్నె రెండోసారి వేడి చేసి తెచ్చింది.

"ఒక్క ముద్ద తిను అత్తా. షుగరు మాత్ర ఏసుకోవల్ల."

"ఈ కాగితంలో ఏముండాదో చెప్పు, తింటా."

"నిన్ననే చెప్తి గదా. గ్యాసు ఏజెన్సీ కాగితమని."

"గ్యాసు ఏజెన్సీ కాగితం ఇచ్చేకి అంత పెద్ద కారేసుకోని ఆయప్పే వస్తాడా? యాపిల్ పండ్లు తెస్తాడా? 'మీ చిన్నోనితో చదివించుకోమ్మా' అని నవ్వుకుంటా పోతాడా?"

భాగ్యశ్రీ గిన్నె మీద మూత పెట్టి లేచింది.

"పావనీ, నువ్వు చదువు."

పావని గడప దగ్గరే నిలబడి ఉంది. ఆదిలక్ష్మమ్మ పెద్దకొడుకు హరికి ఒక్కతే కూతురు. తండ్రి హిందూపురం ఆక్సిజన్ ప్లాంటులో సిలిండరు పేలి చనిపోయేనాటికి ఆరు నెలల పిల్ల. ఈ అవ్వ చేతుల్లో పెరిగింది. కెమికల్ ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు పెనుకొండ దగ్గర లేస్తున్న హైడ్రోజన్ ప్లాంటులో సేఫ్టీ ఇంజనీరుగా పనిచేస్తోంది. ఆ కాగితం నిన్న రాత్రే చదివింది.

"నేను చదవను అవ్వా. రాసినోడే వచ్చి చదవనీ."

"రాసినోడు ఎవడు?"

బయట కారు ఆగింది.

*

చిన్నకొడుకు శివప్రసాద్ హైదరాబాదు రైలు దిగి, స్టేషను దగ్గర డ్రైవరును పంపేసి, కంపెనీ కారు తనే నడుపుకుంటూ వచ్చాడు. చెప్పులు విడుస్తూనే బల్ల మీద యాపిల్ పండ్ల బుట్ట చూశాడు. తర్వాత తల్లి ఒళ్ళో కాగితం చూశాడు. దూరం నుంచే గుర్తుపట్టాడు. కింద కుడిమూల గుండ్రటి రబ్బరు స్టాంపు, దాని పక్కన వంకర సంతకం. తలెత్తకుండా, తొందరగా పెట్టింది.

"ఎప్పుడొచ్చినాడు వాడు?"

"నిన్న," అంది భాగ్యశ్రీ. "మీరు లేని పొద్దు చూసుకోనే వచ్చినాడు. ఈ పొద్దు సాయంత్రం నాలుగు లోపల ఆ ఫైలు మీద సంతకం పడల్లంట. పడకపోతే అసలు కాగితం మీ హైదరాబాదు ఆఫీసుకు పోతాదంట. మీకు చెప్పమన్నాడు."

ఆ ఫైలు ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. పెనుకొండ ప్లాంటులో తయారయ్యే హైడ్రోజన్‌ను సిలిండర్లలో నింపి, ఫ్యాక్టరీలకు చేరవేసే కాంట్రాక్టు. అందరికంటే తక్కువ రేటు వేసింది, హరి పనిచేసిన ఆక్సిజన్ ప్లాంటు యజమాని ఉమాశంకర్. ఆఖరి సంతకం రీజినల్ హెడ్ శివప్రసాద్‌ది. 'తిరస్కరించడమైనది' అని ఒక్క మాట రాసి, అది ఉమాశంకర్ చేతిలో తనే పెట్టాలని శివప్రసాద్ ఇరవై నాలుగేళ్ళుగా కాచుకుని ఉన్నాడు.

"శివా," అంది తల్లి. "కూర్చో. చదువు."

"అమ్మా, నువ్వు ముందు తిను. తర్వాత..."

"తెలుగులో చదువు."

అతడు నేల మీద, గుంత అంచున కూర్చున్నాడు. కాగితం తీసుకున్నాడు. దాన్ని చూడాల్సిన అవసరం లేదు. ప్రతి అక్షరం కంఠతా వచ్చు.

"నేను ఈ ప్లాంటులో ట్రైనీ కెమిస్టును. మా అన్న హరి ఉగాదినాడు తలంటుకోని డ్యూటీకి వచ్చినాడు. ఆయన తలకు, చేతులకు ఆముదం ఉండేది నేను కండ్లారా చూసినాను. ఆ జిడ్డు చేతులతో ఆక్సిజన్ వాల్వు తిప్పినందువల్ల మంట లేచి సిలిండరు పేలింది. ఇందులో యాజమాన్యం తప్పు ఏమీ లేదు. ఆముదం అంటింది..."

ఆగిపోయాడు.

"ఊఁ. ఎవరంట?"

"మా అమ్మ."

"కింద ఏముండాది?"

"నా సంతకం."

వీధిలో ఎవరో పట్టు కండెల బస్తా దింపుతున్నారు.

ఆక్సిజన్ దగ్గరికి నూనె పోకూడదు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు జిడ్డు తగిలితే అగ్గి పుడుతుంది. ఆ ప్లాంటులో పనిచేసే వాళ్ళ ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా ఇది తెలుసు. పండుగనాడు తలంటుకున్నవాడు ఆ రోజు సిలిండర్ల వైపు పోడు. ఆ ఉగాదికి హరికి సెలవు. అందుకే ఆదిలక్ష్మమ్మ పొద్దున్నే కొడుకు తలకు గిన్నెడు ఆముదం అంటింది. నలుగు కూడా పెట్టకముందే ప్లాంటు జీపు వచ్చింది. ఎండాకాలం, ఆస్పత్రులకు గిరాకీ, సిలిండర్లు నింపే ఫిల్లర్లు చాలరు, హరిని పిలుచుకురమ్మని. జీపులో వచ్చింది శివప్రసాదే.

సాయంత్రానికి శవం వచ్చింది. ఎంత రుద్దినా నూనె పూర్తిగా పోలేదని, దానివల్లే జరిగిందని ఊరంతా అంది.

ఆనాటి నుంచి ఆదిలక్ష్మమ్మ తలకు నూనె లేదు. మనవరాలికి అంటలేదు, మనవడికి అంటలేదు. ఇంట్లో దీపంలో నూనె పోసేది కూడా భాగ్యశ్రీయే. ధర్మవరం నేతగాళ్ళ వీధిలో ఆమెకు ఎండుతల అవ్వ అనే పేరే మిగిలింది.

"శివా, హరి చేతికి ఆముదం ఉన్నిందా?"

"లేదమ్మా."

"నువ్వు చూసినావా?"

"నేను జీపులో కూర్చోనుంటి గదా. రెండుసార్లు సీకాయతో నువ్వే రుద్దినావు. నీళ్ళు నువ్వే పోసినావు. గుడ్డలు మార్చుకున్నాడు. జిడ్డు లేదు."

"మరి యాల పేలింది?"

శివప్రసాద్ ఆఫీసు సంచీలోంచి చిన్న మూట తీశాడు. విప్పాడు. బొటనవేలంత ఇత్తడి ముక్క. ఒక పక్క నల్లగా కాలి ఉంది.

"హైడ్రోజన్ సిలిండరుకు ఎర్ర రంగు. దాని మూతికి ఎడమకు బిగుసుకునే మర. ఆక్సిజన్‌ది నల్ల రంగు, కుడి మర. ఒకదాని పైపు ఇంగోదానికి పట్టకూడదనే అట్ల చేస్తారు. ఆ ఎండాకాలం నల్లవి చాలలేదు. ఉమాశంకర్ ఎర్ర సిలిండర్లకు నల్ల రంగు కొట్టించినాడు. లేతు షాపులో ఈ జాయింటు చేయించినాడు, ఒక పక్క ఎడమ మర, ఇంగో పక్క కుడి మర. లోపల హైడ్రోజన్ ఇంకా కొంచెం మిగిలుండాది. దాని మీద ఆక్సిజన్ ఎక్కించినారు. జాయింటు ముందే బిగించి పెట్టినారు, అన్నకు తెల్దు. నల్ల రంగు చూసి నమ్మినాడు."

"ఇది యాడిది?"

"ఆ సాయంత్రం షెడ్డులో నేనే ఏరుకున్నా."

పావని గడప దాటి లోపలికి వచ్చింది.

"అంటే ఇది నీ కాడ ఇరవై నాలుగేండ్లుగా ఉండాదా చిన్నాయనా?"

"పావనీ, విను..."

"మా నాయనను చంపిన జాయింటు జేబులో పెట్టుకోని, నువ్వు మా నాయన మీద సంతకం పెట్టినావు. అవ్వ మీద పెట్టినావు."

"నాకప్పుడు ఇరవై మూడేండ్లు! మన వీధిలో మొదటి డిగ్రీ నాది. సంతకం పెడితే ఉద్యోగం ఉంటాది, ఇంటికి పరిహారం వస్తాది, లేకపోతే రెండూ పోతాయన్నాడు. ఇంట్లో నువ్వు పాలు తాగే పిల్లవు. మీ అమ్మ ప్రమీలకు దిక్కు లేదు. ట్రైనీ మాట ఎవరు వింటారు? పైకి రావల్ల, వాని కంటే పైకి రావల్ల, అప్పుడు కొడదామనుకున్నా. కెమిస్టయినా, షిఫ్టు ఇన్‌చార్జినయినా, కంపెనీ మారి ప్లాంటు మేనేజరునయినా. ఒక్కో మెట్టు వాని కోసమే ఎక్కినా. ఈ పొద్దు వాని ఫైలు నా బల్ల మీదికి వచ్చింది."

"వచ్చింది. అవ్వ తలకు నూనె వచ్చిందా?"

శివప్రసాద్ ఇత్తడి ముక్కను జేబులో వేసుకోబోయాడు.

"నువ్వు పగ పెంచుకోలే చిన్నాయనా," అంది పావని. "కొలువు పెంచుకున్నావు. పగ పెంచుకున్నోడివైతే ఈ ముక్క ఎప్పుడో ఫ్యాక్టరీల ఇనస్పెక్టరు ముందర పెట్టుంటివి. అది బయటికొస్తే దాని పక్కన నీ సంతకం కూడా బయటికొస్తాదని భయం."

"పావనీ, చిన్నాయనతో అట్లేనా మాట్లాడేది?" అంది భాగ్యశ్రీ. కానీ ఆ గొంతులో బలం లేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె కూడా ఆ ఇత్తడి ముక్కను ఇప్పుడే చూస్తోంది.

ఆదిలక్ష్మమ్మ రెండు చేతులూ గుంత అంచున ఆనించి లేచింది. పట్టుకోబోయిన కొడుకు చేతిని తోసేసింది.

"కారుండాది గదా?"

"ఉండాదమ్మా. యాడికి?"

"హిందూపురం."

*

కారు పెనుకొండ దారి పట్టింది. ముందు సీట్లో పావని, వెనక సీట్లో ఆదిలక్ష్మమ్మ. కాగితం ఆమె చేతిలో నాలుగు మడతలుగా ఉంది.

కొండ పక్కన సోలారు పలకలు ఎండకు మెరుస్తూ కనిపించాయి. వాటి వెనక తెల్లటి ట్యాంకులు, ఇంకా రంగు వేయని షెడ్లు.

"అదేనా మీ నీళ్ళ గ్యాసు?" అంది ఆదిలక్ష్మమ్మ.

"అదే అవ్వా," అంది పావని. "ఎండ నుంచి కరెంటు తీస్తారు. ఆ కరెంటుతో నీళ్ళను విడగొడతారు. హైడ్రోజన్ వస్తాది. పొగ రాదు, మసి రాదు."

"ఇది నిలబడితే అగళి, గుడిబండ పిల్లోళ్ళు బెంగళూరు బస్సు ఎక్కే పని తగ్గుతాదమ్మా," అన్నాడు శివప్రసాద్. చాలాసేపటి తర్వాత అతడి గొంతు కాస్త మామూలుగా వచ్చింది. "దీన్ని ఈ తావుకు అడిగి తెప్పించింది నేనే. మీటింగుల్లో నవ్వినారు. కరువు సీమలో నీళ్ళతో గ్యాసా అన్నారు. ఎంత నీళ్ళు కావల్లో లెక్క రాసి చూపిస్తి."

"ఆ గ్యాసు సిలిండర్లలో నింపేది ఎవరు?"

శివప్రసాద్ గేరు మార్చాడు. జవాబు పావని చెప్పింది.

"అదే ఆ సంతకం అవ్వా. ఉమాశంకర్ కాడ ఉండేవన్నీ పాత సిలిండర్లు. నేను పోయి చూసినా. రంగు మీద రంగు. మళ్ళీ ఒక జాయింటు చేయించడని ఎవరు చెప్పల్ల?"

ఆదిలక్ష్మమ్మ కిటికీలోంచి ట్యాంకుల వైపు చూస్తూనే ఉంది. పెనుకొండ బజారు దగ్గర కొడుకు భుజం తట్టింది.

"ఆపు."

"ఏం కావల్లమ్మా? నేను తెస్తా."

"నువ్వు తెచ్చేది కాదు."

ఆమె దిగి, నెమ్మదిగా నడిచి, ఒక కిరాణా అంగడి ముందు నిలబడింది. అద్దంలోంచి శివప్రసాద్ చూస్తూనే ఉన్నాడు. అంగడివాడు ఒక సీసా ఇచ్చాడు. ఆమె మూత తీసి వాసన చూసింది. తల అడ్డంగా ఊపింది. అతడు లోపలికి పోయి ఇంకోటి తెచ్చాడు. మళ్ళీ వాసన చూసి, ఈసారి మూత గట్టిగా బిగించింది. ఒక సీకాయ పొడి పొట్లం కూడా తీసుకుంది.

వచ్చి కూర్చుంది. కారంతా ఆముదం వాసన.

"అవ్వా," అంది పావని, ఆమె చేతిలో సీసా చూసి. "ఏంటికిది?"

"పోనీ," అంది ఆదిలక్ష్మమ్మ.

*

హిందూపురంలో ఉమాశంకర్ ప్లాంటు గేటు దగ్గర మధ్యాహ్నం భోజనాల వేళ. ఫిల్లర్లు క్యారియర్లు పట్టుకుని గోడ నీడన కూర్చుంటున్నారు. లోపల కంప్రెసరు ఒకటే హోరు.

గేటులో ఉన్న ముసలాయన కారు చూసి సెల్యూట్ చేశాడు. మెడలో ఈల, భుజాన మడతపెట్టిన తెల్లగుడ్డ. రంగప్ప. శివప్రసాద్ ట్రైనీగా ఉన్నప్పుడు కూడా ఆ గేటులో అతడే.

"శివప్రసాద్ సార్! ఎంత కాలమాయ! సారు లోపలే ఉండాడు, ఫోను చేస్తా. అమ్మా, చేతులు చూపించండి."

పావని చేతులు చాపింది. రంగప్ప ఆమె అరచేతులు తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డను వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత ఆదిలక్ష్మమ్మ వైపు తిరిగాడు.

"ఏంటికప్పా ఇది?"

"జిడ్డు ఉండాదేమో చూసేకమ్మా. ఆక్సిజన్ గదా. గుడ్డకు మరక పడితే లోపలికి ఇడిసేది లేదు. పండగ పొద్దుల్లో అయితే తలకాయలు కూడా తుడిచి చూస్తాం. మరక పడిందంటే ఇంటికి వాపసే. యజమానికైనా అంతే."

ఆదిలక్ష్మమ్మ చేతులు చాపలేదు. "ఈ గుడ్డ పెట్టేది ఎప్పటి నుంచి ఉండాది?"

"ప్లాంటు తెరిచినప్పటి నుంచి ఉండాది."

ఆమె కొడుకు వైపు తిరిగింది. శివప్రసాద్ కళ్ళు దించుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళుగా అతడు ఇత్తడి ముక్క గురించే ఆలోచించాడు. గుడ్డ సంగతి మరిచిపోయానని తనకు తాను చెప్పుకున్నాడు. మరిచిపోలేదు.

"ఇరవై నాలుగేండ్ల కిందట, ఉగాదినాడు, ఈ గేటు కాడ ఎవరుండ్రి?"

రంగప్ప అప్పుడు ఆమెను సరిగ్గా చూశాడు. నూనె లేక, గడ్డిపోచల్లా లేచిన తెల్ల జుట్టు చూశాడు. చేతిలో సీసా చూశాడు.

"నువ్వు... హరి వాళ్ళమ్మవా?"

"ఎవరుండ్రి?"

"నేనేనమ్మా."

"గుడ్డ పెట్టినావా వానికి?"

గోడ నీడన తింటున్న వాళ్ళు ఒక్కొక్కరే ఆగారు. రంగప్ప చేతిలో గుడ్డను మడతలు పెట్టాడు, విప్పాడు.

"పెట్టినా. తలకు పెట్టినా, చేతులకు పెట్టినా. సెలవు నాడు వచ్చినాడు, తలంటుకోనుంటాడని రెండుసార్లు పెట్టినా. 'ఏమప్పా రంగప్పా, మా అమ్మ సీకాయతో తోలే ఊడేట్ల రుద్దింది, ఇంగ యాడ ఉంటాది జిడ్డు' అని నవ్వినాడు. గుడ్డ తెల్లగానే ఉన్నింది."

"ఎవరికన్నా చెప్పినావా?"

"సారుకు చెప్తి. 'నువ్వు గేటు చూసుకో' అన్నాడు. నాకు ముగ్గురు పిల్లోళ్ళుండ్రి తల్లీ."

పావని గేటు కమ్మీ పట్టుకుంది. ఆదిలక్ష్మమ్మ ఏడవలేదు. ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది, అంతే.

ఇంతలో ఉమాశంకర్ బయటికి వచ్చాడు. అరవై దాటినా నల్లగా నిగనిగలాడే జుట్టు. చేతిలో ఫోను.

"ఏమప్పా శివా! సార్ అనల్ల ఏమో ఇప్పుడు. సంతకం పెట్టేకి అమ్మను కూడా పిల్చుకోనొచ్చినావా? మంచిది. రాండమ్మా లోపలికి, ఏసీలో కూర్చుందురు."

"ఈడనే బాగుండాదప్పా ఉమాశంకరా," అంది ఆదిలక్ష్మమ్మ. కాగితం విప్పింది. "నువ్విచ్చిన కాగితం చదివించుకున్నా."

"చదివించుకుంటివా? ఎవరితో?"

"రాసినోనితోనే."

ఉమాశంకర్ నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వచ్చింది. "అయితే తెలిసింది గదా, మీ చిన్నోడు ఎంత బుద్ధిమంతుడో. అన్న కంటే ఉద్యోగం ముఖ్యమనుకున్నాడు. నేనేం గొంతు మీద కత్తి పెట్టలేదు. ఆ పిల్ల ఏమేమో రిపోర్టులు రాస్తాందంట, పాత సిలిండర్లని. రాయనీ. ముందర బయటికొచ్చేది మీవాని సంతకమే."

"తెలుసప్పా. నా కొడుకే గదా, ముందు వాందే రానీ."

శివప్రసాద్ తల ఎత్తాడు. తల్లి అతడి వైపు చూడలేదు.

"నా ఆముదం నా కొడుకును చంపిందని ఇందులో ఉండాది. ఇరవై నాలుగేండ్లు నేను నమ్మితి. ఇంగోసారి నమ్మమంటే నమ్ముతా. ఒక పని చెయ్యి." ఆమె సీసా పైకెత్తింది. "ఇది ఆ పొద్దు అంటిన ఆముదమే. పెనుకొండలో వాసన చూసి తెచ్చినా. ఇట్ల కూర్చో. నీ తలకు నేనే అంటుతా. సీకాయతో నేనే రుద్దుతా, మా హరికి రుద్దినట్లే, రెండుసార్లు. రంగప్ప గుడ్డ పెడతాడు. గుడ్డకు మరక పడకపోతే లోపలికి పోయి, నీ చేత్తో ఒక సిలిండరు నింపు. నీకేమన్నా అయితే నీ కాగితం నిజమని నేనే ఊరంతా చెప్తా. ఏమీ కాకపోతే..."

ఆమె ఆగింది.

"ఏమీ కాకపోతే మా హరిని ఏది చంపిందో నీ నోటితో నువ్వు చెప్పు."

ఉమాశంకర్ చెయ్యి తెలియకుండానే తన తల మీదికి పోయింది. అది చూసి నీడలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెంటనే ఇంకొకరు.

"పిచ్చి మాటలు! నూనెతో ఆటలా? రూలు తెలుసా మీకు? ఈ ప్లాంటులో నూనె చుక్క గేటు దాటదు!"

"దాటదు గదా?" అంది ఆదిలక్ష్మమ్మ. "మరి మా వాని తల మీద ఎట్ల దాటింది?"

ఉమాశంకర్ రంగప్ప వైపు తిరిగాడు. "ఏంరా, ఏం చెప్పినావు వీళ్ళకు?"

రంగప్ప మెడలోంచి ఈల తీసి గేటు కమ్మీకి తగిలించాడు. గుడ్డ మాత్రం భుజానే ఉంచుకున్నాడు. "అడిగినారు సార్. ఇన్నేండ్లకు అడిగినారు. చెప్పినా."

శివప్రసాద్ జేబులోంచి ఇత్తడి ముక్క తీసి, అందరికీ కనబడేలా గేటు దిమ్మె మీద పెట్టాడు. లేచి వచ్చిన ఫిల్లర్లలో పెద్దాయన దాన్ని తీసుకుని, గోరుతో మర మీద గీసి చూశాడు. ఒక పక్క. తర్వాత రెండో పక్క. పక్కవాడికి ఇచ్చాడు. అది చేతులు మారుతూ పోయింది. ఆ పని తెలిసిన వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

లోపల కంప్రెసరు హోరు ఆగింది. ఎవరు ఆపారో తెలియలేదు.

"పని కాడికి పోండి!" అని అరిచాడు ఉమాశంకర్. ఎవరూ పోలేదు. "శివా! నీ ఉద్యోగం పోతాది. ఈ గంటలో పోతాది. నువ్వు సాక్ష్యం దాచినోనివి. నాకంటే ముందు నిన్ను లోపలేస్తారు. నీళ్ళ గ్యాసు, నీ పేరు, ఆ కుర్చీ, అన్నీ పాయె!" అంటూ ఫోనులో నంబరు వెతకసాగాడు.

అప్పుడే శివప్రసాద్ ఫోను మోగింది. తెర మీద పేరు: సాయిప్రసాద్, హైదరాబాదు. కంపెనీ వైస్ ప్రెసిడెంటు. ఫైలు సంగతి అడగడానికే. టైము రెండు కూడా కాలేదు. ఇప్పుడైనా దారి ఉంది. ఫైలు తిరస్కరించి, కారణం పాత సిలిండర్లని రాసి, తన సంతకం సంగతి ఉమాశంకర్ బయటపెట్టినప్పుడు అబద్ధమనవచ్చు. ఇత్తడి ముక్క తనకు ఈ రోజే దొరికిందనవచ్చు. నమ్మేవాళ్ళు ఉంటారు. రీజినల్ హెడ్ మాట.

తల్లి గేటు బయట సిమెంటు అరుగు మీద కూర్చుంది. సీసా మూత తీసింది. అందరూ చూస్తుండగా ఆముదాన్ని తన నడినెత్తిన పోసుకుంది. ఎండిన జుట్టు మొదట తాగలేదు. నూనె నుదుటి మీదికి, చెవుల వెనక్కి కారింది. పావని వెళ్ళి ఆమె వెనక కూర్చుని, రెండు చేతులతో మాడు మీద రుద్దడం మొదలుపెట్టింది.

ఫోను మోగుతూనే ఉంది.

"ఆయప్పది అయింది," అంది ఆదిలక్ష్మమ్మ కళ్ళు మూసుకునే. "ఇంగ నీది. ఎత్తు."

"అమ్మా..."

"నాకు ఆయప్ప తప్పొక్కటే తేలితే చాలదు శివా. ఎత్తు. నువ్వు ఏం సంతకం పెట్టినావో నీ నోటితో చెప్పు. నేను వినల్ల."

గేటు అవతల ఉమాశంకర్ అప్పటికే ఫోను చెవికి ఆనించుకున్నాడు. అవతల ఎవరో ఎత్తేదాకా పెదవి కొరుకుతూ శివప్రసాద్‌నే చూస్తున్నాడు.

శివప్రసాద్ బొటనవేలు తెర మీద జారింది.

"హలో, శివా! సంతకం అయిపోయిందా?" అన్నాడు అవతలి నుంచి సాయిప్రసాద్.

"అయింది సార్," అన్నాడు శివప్రసాద్. "ఇరవై నాలుగేళ్ళ కిందటే అయింది."

ఆదిలక్ష్మమ్మ కళ్ళు తెరిచింది.